తిరిగే కడ్డీ, కుదురుకోని లెక్క

ఈసీఐఎల్ చౌరస్తాలో కీసర బస్సెక్కితే దమ్మాయిగూడ దాటగానే నాగారం వస్తుంది. ఇప్పుడు రోడ్డుకు రెండువైపులా అపార్టుమెంట్లు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ బోర్డులే కనిపిస్తాయి. కానీ ఈ ఊరి చుట్టుపక్కల ఉన్న పరిశ్రమలను ఓసారి లెక్కకు తెచ్చుకుంటే ఒక విశేషం బయటపడుతుంది. మౌలాలి వైపు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ), దానికి దగ్గర్లోనే ఒకప్పుడు దేశానికి కంప్యూటర్లు చేసి పెట్టిన ఈసీఐఎల్ ఉన్నాయి. ఇంకాస్త ముందుకు పోతే చర్లపల్లి, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల షెడ్లు. మరోవైపు మేడ్చల్, శామీర్‌పేటల్లో టీకాలు, మందుల కంపెనీలు, జవహర్‌నగర్ పక్కన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. వీటిలో కొన్ని ద్రవాలను కలియబెట్టే చోట్లు, మరికొన్ని లెక్కలు కట్టే చోట్లు. ఈ రెండు విద్యలూ ఇదే నేల మీద అర్ధ శతాబ్దంగా పక్కపక్కన పెరిగాయి. అవి ఒకదానికొకటి అక్కరకు రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. వచ్చాక కూడా ఒక పేచీ మిగిలిపోయింది. తొట్టిలో తిరుగుతున్న ద్రవాన్ని కంప్యూటర్ మీద లెక్కించబోతే ఆ లెక్క ఓ పట్టాన కుదురుకోదు.

ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే అది కన్వర్జ్ అవదు. తెర మీద, లెక్కలో ఇంకా మిగిలిన తేడాలను చూపే రెసిడ్యువల్ గీతలు కాసేపు కిందికి దిగుతాయి, తర్వాత ఒక ఎత్తున ఆగిపోయి పైకీ కిందికీ ఊగుతూ ఉంటాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆకాశానికి లేచి లెక్క మొత్తం కుప్పకూలుతుంది. ఈ రంగంలో అడుగుపెట్టిన ప్రతి కుర్రవాడూ దీన్ని మొదట సాఫ్ట్‌వేర్ జబ్బు అనుకుంటాడు. యాభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే మరో సంగతి తెలుస్తుంది. ఆ ఊగిసలాటలో చాలా భాగం ద్రవానిదే. స్టిర్రర్ తిరిగే తొట్టిలో నిలకడైన ప్రవాహమంటూ చాలాసార్లు ఉండదు. లేనిదాన్ని చూపించమని అడిగితే లెక్క మొరాయిస్తుంది.

అసలు కలియబెట్టడం ఎంత గట్టి పనో తెలియాలంటే ఎన్‌ఎఫ్‌సీ దగ్గరే మొదలుపెట్టాలి. 1971లో ఏర్పడిన ఈ సంస్థ అణు రియాక్టర్లకు యురేనియం ఇంధనాన్నీ, దాన్ని పట్టి ఉంచే జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలనూ తయారు చేస్తుంది. జిర్కోనియం న్యూట్రాన్లను పెద్దగా మింగదు, అందుకే దానికంత విలువ. చిక్కేమిటంటే సముద్రతీరపు జిర్కాన్ ఇసుకలో దాంతోపాటు హాఫ్నియం కూడా రెండు శాతం పైచిలుకు అంటిపెట్టుకుని వస్తుంది. రసాయన స్వభావంలో రెంటికీ తేడా కనిపెట్టడమే కష్టం. న్యూట్రాన్ల విషయానికి వస్తే హాఫ్నియం వాటిని ఆబగా మింగేస్తుంది. కాబట్టి దాన్ని 100 పీపీఎం లోపుకు, అంటే పదివేలలో ఒక వంతు కన్నా తక్కువకు దించాలి.

అందుకు ఇసుకను క్షారంతో కలిపి కాలుస్తారు. తర్వాత నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్‌లో పలచన చేసిన ట్రైబ్యుటైల్ ఫాస్ఫేట్‌తో కలియబెడతారు. జిర్కోనియం నూనె వైపు దాటుతుంది, హాఫ్నియం నీటిలోనే ఉండిపోతుంది. ఈ పని చేసే పరికరం మిక్సర్ సెట్లర్. ఒక అరలో స్టిర్రర్ తిరుగుతూ ఉంటుంది, పక్క అరలో మిశ్రమం తేరుకుని రెండు పొరలుగా విడిపోతుంది. ఇలాంటి జంట అరలు వరుసగా ఎన్నో ఉంటాయి. స్టిర్రర్ నెమ్మదిగా తిరిగితే చుక్కలు పెద్దవిగా ఉండిపోయి జిర్కోనియం సరిగా దాటదు. జోరు పెంచితే చుక్కలు మరీ సన్నబడి పక్క అరలో ఎంతసేపటికీ విడిపోవు. పైగా చాలా డిజైన్లలో అదే స్టిర్రర్ పంపు పని కూడా చేస్తుంది, పక్క దశ నుంచి ద్రవాన్ని తన అరలోకి లాక్కుంటుంది. ఒక్క కడ్డీ మీద రెండు బరువులన్నమాట. ఈ పంపు మిక్సర్లలోని ప్రవాహాన్ని కంప్యూటర్ మీద లెక్కించే పని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) పరిశోధకులు 2000 తర్వాతి దశాబ్దంలో చేసి ప్రచురించారు. ఎన్‌ఎఫ్‌సీ మొదలైన రోజుల్లో అలాంటి సదుపాయం ఎవరికీ లేదు. చిన్న నమూనా కట్టడం, కొలవడం, పెద్దది కట్టడం, అంతే దారి.

హైదరాబాద్‌లో కలియబెట్టే విద్యకు రెండో పుట్టిల్లు బాలానగర్. సోవియట్ సాయంతో అక్కడ పెట్టిన ఐడీపీఎల్ సింథటిక్ డ్రగ్స్ ప్లాంటు ఈ నగరానికి రియాక్టర్ అనే వస్తువును పెద్ద ఎత్తున పరిచయం చేసింది. ఐడీపీఎల్ 1961లో ఏర్పడింది. అక్కడ పనిచేసి బయటికొచ్చినవారు పెట్టిన కంపెనీలే తర్వాత జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో బల్క్ డ్రగ్ పరిశ్రమగా పాకాయి. వారిలో అందరికీ తెలిసిన పేరు కల్లం అంజిరెడ్డి. ఆయన బొంబాయిలోని యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (యూడీసీటీ)లో చదివి, పుణే నేషనల్ కెమికల్ లేబొరేటరీ (ఎన్‌సీఎల్)లో పీహెచ్‌డీ చేసి, 1969లో ఐడీపీఎల్‌లో చేరారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. యూడీసీటీ, ఎన్‌సీఎల్ అనే ఈ రెండు పేర్లూ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే తిరిగే తొట్టి లెక్కలకు మన దేశంలో పునాది వేసినవి కూడా అవే.

బల్క్ డ్రగ్ ప్లాంటు షాప్ ఫ్లోర్ మీద నిలబడితే కనిపించేది ఎక్కువగా గ్లాస్ లైన్డ్ రియాక్టరే. జీఎల్‌ఆర్ అంటారు. 6.3 కిలోలీటర్ల తొట్టిని మ్యాన్‌హోల్ గుండా తొంగి చూస్తే లోపలంతా ముదురు నీలం రంగు గాజు పూత నిగనిగలాడుతుంది. ఉక్కు మీద ఒకటి, రెండు మిల్లీమీటర్ల మందాన కాల్చి అతికించిన పూత అది. అడుగున, నేలకు దగ్గరగా, మూడు రెక్కల స్టిర్రర్ ఉంటుంది. రెక్కలు తిరిగే దిశకు వెనక్కి వంగి, అంచులన్నీ గుండ్రంగా ఉంటాయి. గాజు పదునైన మూలల మీద నిలవదు కాబట్టి ఆ ఆకారం. అదే కారణం వల్ల తొట్టి గోడకు ఏదీ వెల్డింగ్ చేయడానికి వీల్లేదు. గోడకు నాలుగు బ్యాఫిల్ పట్టీలు బిగించే బదులు పై మూత నాజిల్ నుంచి ఒకే ఒక బద్దను వేలాడదీస్తారు. ఉష్ణోగ్రత కొలిచే థర్మోవెల్ కూడా దానిలోనే దాగి ఉంటుంది. ఈ ఒంటరి బ్యాఫిల్ తర్వాత ఎంతమంది లెక్కల మనుషుల్ని తిప్పలు పెట్టిందో చెప్పనలవి కాదు. గాజు పూత తొట్లు కట్టడంలో హైదరాబాద్‌కు మంచి పేరుంది. నాచారంలో డీ డియెట్రిష్ నడిపిన కర్మాగారాన్ని 2020లో జీఎంఎం ఫాడ్లర్ కొనుక్కుంది.

బ్యాఫిల్ ఎందుకంటే, అది లేకపోతే తొట్టిలో ద్రవమంతా స్టిర్రర్‌తో పాటే గుండ్రంగా తిరుగుతుంది తప్ప కలవదు. మధ్యలో సుడి పడి గాలిని లోపలికి లాగుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వానికి తాడు చుట్టి ఇటొకసారి అటొకసారి లాగేది ఈ గుండ్రటి తిరుగుడును తెగ్గొట్టడానికే. అస్తమానం ఒకే దిశలో తిరిగే మోటారుకు ఆ వెసులుబాటు లేదు, అందుకని గోడ పట్టీలు ఆ పని చేస్తాయి.

ఎంత మోటారు పెట్టాలి, ఎంత వేగంతో తిప్పాలి అన్నది అప్పట్లో ఒక పటం చూసి తేల్చేవారు. 1950లో అమెరికాలో హెన్రీ రష్టన్, కాస్టిచ్, ఎవరెట్ అనే ముగ్గురు కెమికల్ ఇంజనీరింగ్ ప్రోగ్రెస్ పత్రికలో రెండు భాగాలుగా ప్రచురించిన పరిశోధన దానికి మూలం. స్టిర్రర్ లాగే శక్తిని ద్రవ సాంద్రత, వేగం ఘనం, రెక్కల వ్యాసం ఐదో ఘాతం, ఈ మూడింటి లబ్ధంతో భాగిస్తే వచ్చేదే పవర్ నంబర్. బిళ్ల మీద ఆరు నిలువు రెక్కలున్న స్టిర్రర్‌కు రష్టన్ పేరే స్థిరపడింది. జోరైన ప్రవాహంలో దాని పవర్ నంబర్ 5 చుట్టుపక్కల ఉంటుంది. ఈ ఒక్క సూత్రం నుంచే వేగం రెట్టింపైతే ఎనిమిది రెట్ల కరెంటు, వ్యాసం రెట్టింపైతే 32 రెట్ల కరెంటు కావాలని తేలిపోతుంది. బాలానగర్ నుంచి బొల్లారం దాకా వేల మోటార్లు ఈ లెక్క మీదే బిగించారు. ఇంజనీరింగ్‌లో ఇంత తక్కువ మాటల్లో ఇంత పని చేసిన పరిశోధన అరుదు.

అయితే పవర్ నంబర్ తొట్టి మొత్తానికీ ఒకే సంఖ్య ఇస్తుంది. లోపల ఏ మూల ద్రవం కదలకుండా పడి ఉందో, పైనుంచి పోసిన ఆమ్లం ఎక్కడ చిక్కగా నిలిచి అనవసరపు పదార్థాన్ని పుట్టిస్తోందో చెప్పదు. ల్యాబ్‌లో ఒక లీటరు ఫ్లాస్కులో 98 శాతం శుద్ధితో వచ్చిన మందు ప్లాంటు రియాక్టర్‌లో శుద్ధి తగ్గి వచ్చిందంటే, షిఫ్ట్ ఇన్‌చార్జి నుంచి కెమిస్టు దాకా అందరి అనుమానమూ ఆ కనిపించని మూల మీదకే పోయేది.

అదే కాలంలో ఈసీఐఎల్‌లో వేరే కథ నడుస్తోంది. 1967 ఏప్రిల్ 11న మొదలైన ఆ సంస్థకు దారి చూపినవారు అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన ఆయన పేరు మీదే పక్కనున్న ఏ.ఎస్. రావు నగర్ వెలిసింది. బార్క్‌లో రూపుదిద్దుకున్న టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్‌ను ఈసీఐఎల్ 1969లో తెచ్చింది. తర్వాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. నియంత్రణ, కొలతల సేకరణ వంటి పనులకు అవి అక్కరకొచ్చాయి. తొట్టిలో ప్రవాహాన్ని లెక్కించడం వాటి తరం కాదు. తొట్టిని పది లక్షల గళ్లుగా విడగొడితే ఒక్కో గడికి మూడు దిశల వేగం, పీడనం, అల్లకల్లోలాన్ని కొలిచే రెండు రాశులు కలిపి ఆరు సంఖ్యలు కావాలి. మొత్తం అరవై లక్షల తెలియని సంఖ్యలు. వాటిని వేలసార్లు సరిదిద్దాలి.

ఆ సరిదిద్దే పద్ధతికి రూపమిచ్చినవారిలో ఒక భారతీయుడున్నారు. పుణే ఇంజనీరింగ్ కాలేజీలో, ఐఐటీ బొంబాయిలో చదివి లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లిన సుహాస్ పాటంకర్ తన గురువు బ్రయాన్ స్పాల్డింగ్‌తో కలిసి 1972లో సింపుల్ అనే పద్ధతిని ప్రచురించారు. ద్రవాల లెక్కలో పెద్ద ముడి పీడనమే. వేగం తెలియాలంటే పీడనం కావాలి, పీడనానికి విడిగా సమీకరణం లేదు. సింపుల్ పద్ధతి ముందు ఒక పీడనాన్ని ఊహిస్తుంది. దాంతో వేగాలు కడుతుంది. ఏ గడిలోకి ఎంత ద్రవం వచ్చి ఎంత పోతోందో తూచి, తేడా ఉంటే పీడనాన్ని దిద్దుతుంది. మళ్లీ మొదటికొస్తుంది. ఆ తేడాలే రెసిడ్యువల్స్. దిద్దుబాటు ఒక్కసారిగా పూర్తిగా వేస్తే లెక్క చెదిరిపోతుంది కాబట్టి పీడనంలో 30 శాతం, వేగంలో 70 శాతం మాత్రమే ఒప్పుకుని ముందుకు పోవడం వాడుక. వీటినే రిలాక్సేషన్ సంఖ్యలంటారు. పాటంకర్ 1980లో రాసిన పుస్తకం ఈ రంగంలో తరాల విద్యార్థులకు మొదటి పాఠం.

తిరిగే తొట్టి మీద ఈ విద్యను తొలుత ప్రయోగించినవారు ఇంగ్లండ్‌లో హార్వే, గ్రీవ్స్. వారి పరిశోధన 1982లో వచ్చింది. తిరిగే రెక్కలను లెక్కలోకి తేవడం వారికి సాధ్యం కాలేదు. రెక్కలున్న చోటును ఖాళీగా వదిలేసి, అక్కడి నుంచి ద్రవం ఇంత వేగంతో వస్తుందని ప్రయోగంలో కొలిచిన విలువలు పెట్టారు. తర్వాత పదేళ్ల పాటు అందరూ నడిచింది ఆ బాటనే. యూడీసీటీలో జె.బి. జోషి బృందం లేజర్‌తో ఏటవాలు రెక్కల స్టిర్రర్ల చుట్టూ వేగాలను ఓపికగా కొలిచి, ఆ కొలతలను లెక్కలకు జత చేసింది. ఆ బృందంలో పనిచేసిన వివేక్ రణడే తర్వాత పుణే ఎన్‌సీఎల్‌లో ఈ పనిని చాలా ముందుకు తీసుకెళ్లారు. ఈ పద్ధతిలో లెక్క సాఫీగానే కుదిరేది, ఎందుకంటే కష్టమైన భాగాన్ని లెక్క నుంచే తప్పించారు. స్టిర్రర్ మారిస్తే మాత్రం మళ్లీ లేజర్ ముందు కూర్చోవాల్సిందే.

చిక్కంతా ఒక్క మాటలో ఉంది. రెక్కలు తిరుగుతాయి, బ్యాఫిల్స్ తిరగవు. రెక్క మీద కూర్చుని చూస్తే బ్యాఫిల్ తిరుగుతుంది, గోడ దగ్గర నిలబడి చూస్తే రెక్క తిరుగుతుంది. ఎటునుంచి చూసినా తొట్టి ఆకారం క్షణక్షణం మారుతూనే ఉంటుంది. 1993, 94 సంవత్సరాల్లో దీనికి రెండు దారులు దొరికాయి. ఇంపీరియల్ కాలేజీలో లువో, గోస్మన్, ఇస్సా బృందం రెక్కల చుట్టూ ఉన్న గళ్లను నిజంగానే తిప్పి, బయటి గళ్ల మీద జారేలా చేసింది. దీన్ని స్లైడింగ్ మెష్ అంటారు. అమెరికాలో ఫ్లూయెంట్ కంపెనీలో జయతి మూర్తి, మాథుర్, చౌధురి 1994లో ఇదే పని చేశారు. జయతి మూర్తి ఇప్పుడు ఆరెగాన్ స్టేట్ యూనివర్సిటీ అధ్యక్షురాలు. రెండో దారి చౌక. లువో, ఇస్సా, గోస్మన్ 1994లో చెప్పిన మల్టిపుల్ రిఫరెన్స్ ఫ్రేమ్ పద్ధతిలో గళ్లు కదలవు. రెక్కల చుట్టూ ఒక పీపా ఆకారపు హద్దు గీసి, లోపల తిరిగే చూపుతో, బయట నిలిచిన చూపుతో లెక్కిస్తారు. దీన్నే ఎంఆర్‌ఎఫ్ అంటారు. ఎన్‌సీఎల్‌లో రణడే, దొమ్మేటి 1996లో చూపించిన స్నాప్‌షాట్ పద్ధతి కూడా రెక్కలను ఒక క్షణం దగ్గర ఆపి లెక్కించేదే. సొంత సూపర్ కంప్యూటర్లు లేని ప్లాంట్లకు ఈ చౌక దారులే ప్రాణం పోశాయి. ఈ రోజుకీ మందుల కంపెనీల్లో జరిగే రియాక్టర్ లెక్కల్లో ఎంఆర్‌ఎఫ్‌దే పెద్ద వాటా.

కుదురుకోని లెక్కల కాలం సరిగ్గా ఇక్కడే మొదలైంది.

మొదటి తగాదా ఆ పీపా హద్దు ఎక్కడ గీయాలన్నది. 1.5 మీటర్ల తొట్టి, అందులో 0.5 మీటర్ల రష్టన్ స్టిర్రర్, గోడకు 15 సెంటీమీటర్ల బ్యాఫిల్స్ అనుకుందాం. రెక్క కొన ఇరుసు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, బ్యాఫిల్ లోపలి అంచు 60 దగ్గర. హద్దును 27 దగ్గర గీస్తే రెక్క కొన నుంచి చిమ్ముకొచ్చే ధారను మధ్యలో కోసినట్టవుతుంది. ఆ చోట వేగం కోణాన్ని బట్టి విపరీతంగా మారుతుంది కాబట్టి హద్దుకు రెండువైపులా లెక్కలు పొసగవు. 58 దగ్గర గీస్తే బ్యాఫిల్ వెనక సుడులు వచ్చి దాన్ని తాకుతాయి. 40, 45 మధ్య గీస్తే రెండువైపులా ఇబ్బంది తగ్గుతుంది. ఈ సంగతి అనుభవజ్ఞుడికి చిన్నదే. కొత్తగా వచ్చినవాడు మాత్రం ఇది తెలియక రోజుల తరబడి రిలాక్సేషన్ సంఖ్యలను అటూ ఇటూ మారుస్తూ కూర్చుంటాడు.

రెండోది జీఎల్‌ఆర్‌లోని ఆ ఒంటరి బ్యాఫిల్. బ్యాఫిల్ అసలు లేకపోతే తొట్టి ఎటునుంచి చూసినా ఒకటే, మొత్తాన్ని తిరిగే చూపుతోనే లెక్కించవచ్చు. నాలుగు బ్యాఫిల్స్ ఉంటే గుండ్రటి తిరుగుడు తెగిపోతుంది. ఒక్కటే ఉంటే సగం తెగుతుంది, సగం మిగులుతుంది. మధ్యలో సుడి పక్కకు వాలి, ఇరుసు చుట్టూ తచ్చాడుతుంది. తిరిగే ద్రవంలో వేగానికీ పీడనానికీ ముడి చాలా గట్టిది. ద్రవం ఎంత జోరుగా తిరిగితే గోడ దగ్గర పీడనం అంత పెరగాలి. ఒకటి కొంచెం తప్పితే రెండోది ఎక్కువ తప్పుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు లెక్కను పూర్తి వేగంతో మొదలుపెట్టరు. 20 ఆర్‌పీఎంతో మొదలుపెట్టి, అది కుదిరాక ఆ ఫలితం మీదే 50కి, అక్కడి నుంచి 100కి పోతారు. పాత వాడుక కె-ఎప్సిలాన్ మోడల్ అల్లకల్లోలం అన్ని దిశల్లో ఒకేలా ఉంటుందని అనుకుంటుంది కాబట్టి ఈ సుడుల దగ్గర నమ్మదగింది కాదు. రెనాల్డ్స్ స్ట్రెస్ మోడల్ మెరుగే గానీ దాన్ని కుదర్చడం ఇంకా కష్టం. చిక్కటి ద్రవాల్లో స్టిర్రర్ దగ్గర జోరు, గోడ దగ్గర దాదాపు నిశ్చలం అన్న పరిస్థితి వస్తే ఏ మోడల్ పెట్టినా సగం తొట్టికి అది తప్పే.

ఇక మూడోది అన్నిటికన్నా లోతైనది. నాలుగు బ్యాఫిల్స్ చక్కగా ఉన్న తొట్టిలో కూడా ప్రవాహం మొత్తంగా అటొకసారి ఇటొకసారి నెమ్మదిగా ఊగుతుందని 1990ల నుంచి చెక్, బ్రిటిష్ ప్రయోగశాలల్లో కొలిచి చూపించారు. మాక్రో ఇన్‌స్టెబిలిటీ అని దానికి పేరు. చాలా తొట్లలో దాని పౌనఃపున్యం స్టిర్రర్ వేగంలో సుమారు 0.02 వంతు. 100 ఆర్‌పీఎంతో తిరిగే స్టిర్రర్‌ను తీసుకుంటే ఆరు రెక్కలు సెకనుకు పదిసార్లు బ్యాఫిల్‌ను దాటిపోతాయి. ఈ పెద్ద ఊగు మాత్రం 30 సెకన్లకొకసారి వస్తుంది. ఎంఆర్‌ఎఫ్ లెక్కలో రెసిడ్యువల్స్ ఒక మట్టాన ఆగి లయగా ఊగుతుంటే దాని వెనక ఇలాంటి అసలు కదలికే ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని అణచడానికి లెక్కను తక్కువ కచ్చితత్వం ఉన్న ఫస్ట్ ఆర్డర్ పద్ధతికి దించితే గీతలు బుద్ధిగా కిందికి పోతాయి. ఆ నునుపుదనం కృత్రిమ జిగట వల్ల వస్తుంది. లేని జిగటను లెక్కే పుట్టించి, ఉన్న సుడులను చంపేస్తుంది. కుదిరిన లెక్క తప్పు, కుదరని లెక్క ఒప్పు అయ్యే విచిత్రమైన చోటు ఇది. ఈ రంగంలో జరిగిన పొరపాట్లలో ఎక్కువ హాని చేసినది ఈ తొందరపాటేనని చెప్పక తప్పదు.

అందుకే మంచి లెక్కల మనిషి రెసిడ్యువల్ గీతలను మాత్రమే చూడడు. స్టిర్రర్ మీద పడే టార్క్‌నూ, గోడలూ బ్యాఫిల్సూ అడుగూ కలిసి మోసే టార్క్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. న్యూటన్ నియమం ప్రకారం రెండూ సమానం కావాలి. రెసిడ్యువల్ వెయ్యిలో ఒక వంతుకు దిగినా టార్క్ ఇంకా జారుతూ ఉంటే పని కాలేదన్నమాట. గీతలు ఊగుతున్నా టార్క్ ఒక సగటు చుట్టూ నిలకడగా ఉంటే ఫలితానికి విలువ ఉంది. ఆ తర్వాత పవర్ నంబర్ కట్టి రష్టన్ పటంతో పోల్చాలి. 1950 నాటి ఆ 5 అనే సంఖ్య ఇప్పటికీ తీర్పు చెప్పే చోట కూర్చుని ఉంది. ఊగు నిజమైనదని తేలితే స్లైడింగ్ మెష్‌కు మారక తప్పదు. దాని ఖర్చూ తక్కువేం కాదు. కాలంలో ఒక్కో అడుగుకు ఒక్కో డిగ్రీ తిప్పుతూ పోతే 100 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 600 అడుగులు, ఒక్క పెద్ద ఊగుకు 18,000 అడుగులు. నమ్మదగ్గ సగటుకు పది ఊగులైనా కావాలి, అంటే 1.8 లక్షల అడుగులు.

ఈలోగా నాగారానికి మరోవైపు కలియబెట్టే విద్య మలుపు తిరిగింది. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో శాన్‌వాక్-బి అనే హెపటైటిస్-బి టీకాను విడుదల చేసింది. దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తయారైన తొలి టీకా అదే. కంపెనీ ప్లాంటు మేడ్చల్ దగ్గర అత్వెల్లిలో ఉంది. 1996లో మొదలైన భారత్ బయోటెక్ శామీర్‌పేట తుర్కపల్లి దగ్గర, జీనోమ్ వ్యాలీలో నిలదొక్కుకుంది. బయొలాజికల్ ఇ కూడా శామీర్‌పేటకు వచ్చింది. శాంతా వాడినది పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్. ఇది ఫెర్మెంటర్‌లో చాలా చిక్కగా పెరుగుతుంది, అంతే ఆత్రంగా ఆక్సిజన్ తాగుతుంది. 30 డిగ్రీల దగ్గర గాలితో సంతృప్తమైన నీటిలో లీటరుకు ఏడెనిమిది మిల్లీగ్రాముల ఆక్సిజన్ మించి కరగదు. చిక్కటి ఈస్ట్ దాన్ని కొన్ని సెకన్లలో ఖాళీ చేస్తుంది. కాబట్టి కింది నుంచి గాలి బుడగలు, వాటిని ముక్కలు చేసే స్టిర్రర్, ఈ రెండింటి మీదే కల్చర్ ప్రాణం ఆధారపడి ఉంటుంది. బిళ్ల కింద బుడగలను పట్టి రెక్కల మీదికి నెట్టే రష్టన్ స్టిర్రర్ ఫెర్మెంటర్లలో ఇంతకాలం నిలవడానికి కారణమదే.

బుడగలు వస్తే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. రెక్క వెనక పీడనం తక్కువ కాబట్టి గాలి అక్కడ చేరి పొరలా అతుక్కుంటుంది. స్టిర్రర్ లాగే శక్తి పడిపోతుంది. గాలి మరీ ఎక్కువైతే స్టిర్రర్ దానిలో మునిగిపోయి కలపడమే మానేస్తుంది. లెక్కలో ఇదంతా రావాలంటే ముందు ద్రవాన్ని ఒంటరిగా కుదర్చి, ఆ తర్వాత గాలిని కొద్దికొద్దిగా వదలాలి. బుడగల పరిమాణం మొదట ఒకటేనని పెట్టి, అది నిలిచాక విరిగే, కలిసే బుడగల సమీకరణాలు చేర్చాలి. దశలు తప్పిస్తే అడుగు నుంచి పై దాకా లెక్క చెల్లాచెదురవుతుంది.

2004లో ఓపెన్‌ఫోమ్ అనే ద్రవాల లెక్కల సాఫ్ట్‌వేర్ అందరికీ ఉచితంగా అందుబాటులోకి వచ్చాక ఈ విద్య లైసెన్సు డబ్బుల కట్టు తెంచుకుంది. దానితో వచ్చే అభ్యాసాల్లోనే మిక్సర్ వెసెల్ ఒకటి, ఎంఆర్‌ఎఫ్‌తో సహా. ఐఐటీ బొంబాయి ఫాసీ ప్రాజెక్టు దేశమంతటి విద్యార్థులకు దాన్ని నేర్పుతోంది. ఒకప్పుడు ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు చేసిన లెక్కను నాగారంలో అద్దెగదిలో ఉండే ఇంజనీరింగ్ కుర్రవాడు లాప్‌టాప్ మీద చేయగలిగే రోజు వచ్చింది. ఇది చిన్న మార్పు కాదు. తొట్టిని చూసినవాడూ లెక్క చేసేవాడూ ఒకే మనిషి కావడానికి వీలు దొరికింది.

లెక్కించే పద్ధతిలోనూ మరో దారి అంతకుముందే తెరుచుకుంది. 1999లో డెర్క్‌సన్, వాన్ డెన్ అకర్ నెదర్లాండ్స్‌లో లాటిస్ బోల్ట్‌జ్‌మన్ పద్ధతితో రష్టన్ తొట్టిలోని పెద్ద సుడులను నేరుగా లెక్కించారు. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుల మీద అలాంటి లెక్కలు గంటల్లో అవుతున్నాయి. ఆ పద్ధతిలో పీడనం కోసం పదేపదే దిద్దడం ఉండదు, కాలంతో పాటు ముందుకు నడవడమే. రెసిడ్యువల్స్ కుదిరాయా అన్న ప్రశ్న పోయి, ఎన్ని సెకన్ల సగటు తీస్తే చాలు అన్న ప్రశ్న వచ్చింది. దానికి జవాబు 30 సెకన్లకొకసారి వచ్చే ఆ ఊగు దగ్గరే దొరుకుతుంది.

ప్లాంటు వైపు మాత్రం ఒక లోటు ఇంకా తీరలేదు. ఎక్కువ రియాక్టర్ల మీద టార్క్ కొలిచే పరికరం ఉండదు. ప్యానెల్ మీద మోటారు ఆంపియర్లు ఒక్కటే కనిపిస్తాయి. గేర్‌బాక్స్, షాఫ్ట్ సీల్ తినే కరెంటు కూడా అందులోనే కలిసి ఉంటుంది. లెక్క చెప్పిన పవర్‌ను దేనితో పోల్చాలన్న ప్రశ్న అక్కడ ఆగిపోతుంది. దానికి ప్లాంటులో చేయగలిగిన పని ఒకటుంది. కొత్త బ్యాచ్ చార్జ్ చేసే ముందు తొట్టిని ఉట్టి నీళ్లతో నింపి ఒకటి రెండు వేగాల దగ్గర ఆంపియర్లు రాసుకోవాలి. తర్వాత ఖాళీ తొట్టిలో, సీల్ తయారీదారు ఒప్పుకునేటంత కొద్దిసేపు, అవే వేగాలతో తిప్పి మళ్లీ రాసుకోవాలి. ఆ రెంటి తేడా ఆధారంగా వచ్చే పవర్ ఉజ్జాయింపుదే అయినా, ఆ తొట్టిది. లెక్క చేసే ఇంజనీరుకు ఆ రెండు వరుసల అంకెలున్న లాగ్‌బుక్ పేజీ అందితే ఒంటరి బ్యాఫిల్ జీఎల్‌ఆర్‌కు పవర్ నంబర్ ఎంతో పుస్తకాల్లో వెతుక్కోనక్కర్లేదు.